మిషన్‌కు పడని చెయ్యి

ఏంజెల్ కార్డు దూర్చి, అంకెలు నొక్కి, మిషన్‌ను ఆయన వైపు తిప్పింది. ఎత్తి చేతికివ్వలేదు. ఎర్ర పట్టుగుడ్డ కప్పిన పీట మీదనే, నిండు గిన్నెను తిప్పినంత జాగ్రత్తగా తిప్పింది. మైలవరం నుంచి గృహప్రవేశం సామాను కోసం వచ్చిన ఆ రైతు వంగి, పిన్ను కొట్టి, మిషన్ మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. తెర మీద చిన్న చక్రం తిరిగింది. తిరిగి తిరిగి అలిసిపోయినట్టు ఆగింది. పైమూలన సిగ్నల్ గీతలు ఉండాల్సిన చోట ఒక ఇంటూ గుర్తు మిగిలింది.

"ఇంకొక్కసారి చూద్దామండీ."

"ఇందాకా అదే అన్నావుగా తల్లీ."

"ఫోన్లో కొట్టొచ్చుగా" అంది ఆయన భార్య. ఆమె ఒళ్ళో ఇత్తడి గుండిగ పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. మళ్ళీ తనే ఏంజెల్‌తో చెప్పింది. "ఈయనకి ఫోన్లో డబ్బులంటే భయమమ్మా. మనవడు ఆడుకుంటా ఎవరికో పంపిచ్చేస్తాడంట."

"నవ్వులాటలు తర్వాత. బస్సెళ్ళిపోద్ది."

లోపలి గదిలోంచి శ్రీజ వచ్చింది. యజమాని శేషగిరిరావు అన్న కూతురు. కాలేజీ అయ్యాక సాయంత్రాలు కొట్లో ఉంటుంది. "ఇలా తే అక్కా" అంటూ మిషన్‌ను పీట మీంచి చటుక్కున తీసుకుని, సొంత ఫోను పట్టుకున్నంత మామూలుగా పట్టుకుని, బల్ల చుట్టూ తిరిగి ఆయన పక్కకి వెళ్ళింది.

"కొట్టండి బాబాయ్ గారూ."

రెండు గీతలు వచ్చాయి. చక్రం ఇలా తిరిగిందో లేదో, మిషన్ కిర్రుమంటూ కాగితం బయటికి తోసింది.

"అదీ! చెయ్యి మారితే గానీ రాలేదు చూడు" అన్నాడు రైతు.

ఆయన ఏమీ మనసులో పెట్టుకోకుండానే అన్నాడు. కానీ రాగి బిందెల దొంతర పక్కన పడక్కుర్చీలో కూర్చుని కార్తీక పౌర్ణమికి వత్తులు చేసుకుంటున్న సీతారావమ్మ ఆ మాట వింది. శేషగిరిరావు తల్లి ఆమె. బెంజ్ సర్కిల్ దగ్గర ఇంత పెద్ద స్టీలు సామాన్ల కొట్టు కొడుకు పేరున నడుస్తున్నా, ఆమె కుర్చీ ఎక్కడుంటే కొట్టు అక్కడున్నట్టే. పత్తి మీద వేళ్ళు ఆపి, ఎవరి వంకా చూడకుండా, "హస్తవాసి" అంది. మళ్ళీ వత్తి చేసుకుంది.

ఏంజెల్ బిల్లు మీద ముద్ర వేస్తూ తన చేతిని ఒకసారి చూసుకుంది. దసరా దాకా ఆ చేతితోనే ఈ కొట్లో గిన్నెల మీద పేర్లు చెక్కింది. గుయ్యిమని వణికే సూదిని పట్టుకుని, చుక్క పక్కన చుక్క పేర్చి, 'హైమవతి' అని రాస్తే కొన్నవాళ్ళు పళ్ళేన్ని వెలుగులోకి ఎత్తి చూసుకుని మురిసిపోయేవాళ్ళు. ఆ రాత చూసే శేషగిరిరావు ఆమెను కౌంటర్ మీద కూర్చోబెట్టాడు. ఆయుధపూజ రోజున కాటాకీ, పేర్లు చెక్కే మిషన్‌కీ, కార్డు మిషన్‌కీ బొట్లు పెట్టారు. సీతారావమ్మ కార్డు మిషన్‌కు పీట వేసి, పైన పట్టుగుడ్డ కప్పి, "పూజలో పెట్టిన మిషనమ్మాయ్. దీని మీంచి కదపొద్దు" అని చెప్పింది.

ఏంజెల్ కదపలేదు. శ్రీజ కదిపితే ఇంటిపిల్ల చనువు. తను కదిపితే 'చర్చికెళ్ళే పిల్ల, దానికేం తెలుసు' అనే మాట వస్తుంది. ఆ మాట ఎవరూ అనలేదు. అనకముందే ఆమెకి వినిపించింది.

షట్టర్ దించే వేళ శేషగిరిరావు తాళాలు చేతిలో ఆడిస్తూ నిలబడ్డాడు. చెడ్డమాట మెత్తగా చెప్పాలనుకున్నప్పుడు ఆయన అలాగే ఆడిస్తాడు.

"ఏమనుకోకు ఏంజెల్. సోమవారం కౌంటర్ శ్రీజకి అప్పజెప్పెయ్, కాలేజీ వేళ నేను కూర్చుంటా. మంగళవారం నుంచి మైలవరం గోడౌన్ చూసుకుందువుగాని. నీకూ కొండపల్లి నుంచి అటు బస్సుల్లో రద్దీ ఉండదు, హాయి."

"నావల్ల తప్పేమన్నా జరిగిందా సార్?"

"తప్పని కాదమ్మా. నువ్వు కూర్చున్నప్పట్నుంచే కదా ఇది మొదలైంది. ఇవాళ పక్క కొట్టు సాయిగణేష్ కూడా అడిగాడు, మీ కౌంటర్ పిల్లకి మిషన్ పడట్లేదంటగా అని. బజార్లో మాట పడితే కష్టం."

గోనెపట్టాల్లోంచి గిన్నెలు తీసి తుడిచే ఆ గోడౌన్‌కి వెళ్ళినవాళ్ళెవరూ మళ్ళీ కౌంటర్ మీదికి రావడం ఏంజెల్ చూడలేదు. పోనీ అదైనా భరించవచ్చు. చెయ్యి మంచిది కాదని బజారంతా పాకితే రేపు ఏ కొట్టువాడు మాత్రం బల్ల దగ్గర నిలబెడతాడు?

"ఒక్కసారి సర్వీసతన్ని పిలిపించండి సార్" అంది.

"పిలుద్దాంలే" అన్నాడాయన, తాళాలు జేబులో వేసుకుంటూ.

మర్నాడు హర్షవర్ధన్ వచ్చాడు. బ్యాంకుల తరఫున మిషన్లు చూసే ఉద్యోగం. హెల్మెట్ తియ్యకుండానే మిషన్‌ను పీట మీంచి అందుకుని, తిప్పి చూసి, వెనక మూత తీసి, సిమ్ తుడిచి మళ్ళీ పెట్టాడు. రెండు గీతలు. ఒక్కోసారి మూడు. ఉత్తుత్తి బిల్లు ఒకటి కొట్టాడు. వెంటనే పోయింది.

"మిషన్‌కేం లేదండీ." కొట్టు నాలుగు వైపులా కలయజూశాడు. నేల నుంచి కప్పు దాకా డేగిసాలు, డ్రమ్ములు, ఇడ్లీ పాత్రలు. "అయినా ఇది కొట్టు కాదు, బోను. ఇంత స్టీలు మధ్యకి సిగ్నల్ రావాలంటే గేటు పాసు కావాలి."

"అమ్మాయి చేతిలో రాదు, శ్రీజ చేతిలో వస్తోందయ్యా. స్టీలు ఇద్దరికీ ఒకటేగా?" అన్నాడు శేషగిరిరావు.

హర్షవర్ధన్ నవ్వాడు. "అదైతే మా కంపెనీ చూడదు సార్. జాతకాలవాళ్ళు చూడాలి." ఆ నవ్వులో విషం లేదు. కొత్త సిమ్ వేసి, మరో బిల్లు కొట్టి చూపించి, మిషన్‌ను పీట మీద పెట్టి, సంచీ జిప్పు లాక్కుని వెళ్ళిపోయాడు.

తర్వాత వచ్చిన మొదటి కార్డుకే ఇంటూ గుర్తు పడింది. ఏంజెల్ ఫోన్ చేసింది. "నా చేతిలో పనిచేసింది కదండీ" అన్నాడతను.

"అందరి చేతిలోనూ పనిచేస్తుందండీ" అంది ఏంజెల్.

ఫోన్ పెట్టేశాక ఆమెకు ఏడుపు రావాల్సింది. దాని బదులు ఒక ప్రశ్న వచ్చి కూర్చుంది. చేతికి నిజంగా ఏమైనా ఉంటుందా? కొండపల్లిలో బొమ్మలకు రంగులు వేసే తన తల్లి శౌరమ్మ అంటుంది, కొందరి చేతికి రంగు అంటదని. ఏంజెల్ ఉంగరం తీసి బీరువాలో పెట్టి చూసింది. గాజు తీసింది. మీటలు ఎడంచేత్తో నొక్కింది. నిలబడి నొక్కింది. చేతుల చెమటేమోనని పౌడరు రాసుకుంటే, గరిటెలు కొనడానికొచ్చినామె "ఏమ్మా, పెళ్ళిచూపులా?" అంది. మిషన్ వేటికీ లొంగలేదు. తన ఫోన్‌ను మాత్రం బల్ల మీద పెడితే గీతలు నిక్షేపంలా ఉన్నాయి.

శనివారం మధ్యాహ్నం ఎండ తగ్గకముందే మార్త వచ్చింది. గుణదలలో ఉంటుంది, రిటైరైన నర్సు. మోకాళ్ళ నొప్పులు. గుమ్మం పక్కనే స్టూలు లాక్కుని చతికిలబడి, "ఇక్కణ్ణించి కదలనమ్మా, మీరే ఒక్కొక్కటి చూపించండి" అని హుకుం వేసింది. చెల్లెలి మనవరాలి బాప్తిస్మానికి కంచం, గ్లాసు తీసుకుంది. పేరు చెక్కాలి. కొత్తగా పేర్లు చెక్కుతున్నతను భోజనానికి వెళ్ళాడు.

"నేను చెక్కుతానండీ. పేరు?"

"వినీల. 'నీ'కి దీర్ఘం మర్చిపోకు. చర్చి కాగితాల మీద మర్చిపోయారు, వాళ్ళమ్మ రెండ్రోజులు అన్నం తినలేదు."

ఏంజెల్ కంచాన్ని మోకాళ్ళ మధ్య ఆనించి సూది ఆన్ చేసింది. మణికట్టు కంచం అంచుకి ఆన్చి, ఊపిరి బిగబట్టి, చుక్కలు పేర్చింది. దీర్ఘం దగ్గర కొంచెం సోకు చేసి పైకి తిప్పింది. మార్త కళ్ళజోడు సర్దుకుని ఆ వేళ్ళనే చూసింది.

"మంచి చెయ్యమ్మా నీది."

ఏంజెల్ సూది ఆపింది. "అలా ఎవరూ అనట్లేదండీ ఈ మధ్య."

"నన్నూ అనేవాళ్ళు. మార్తమ్మ సూది వేస్తే నొప్పి తెలీదు, అదేం హస్తవాసో అని. అదేం లేదు. గుచ్చేముందు 'మీ ఊరి బస్సు ఎన్నింటికండీ' అని అడిగేదాన్ని. వాళ్ళు బస్సు గురించి ఆలోచించేలోపు సూది అయిపోయేది." నవ్వితే ఆమె ఒళ్ళంతా కదిలింది. "చెయ్యి చెయ్యే. దాని పక్కన ఏదో ఒకటి ఉంటుంది. జనానికి చెయ్యే కనిపిస్తుంది."

ఏంజెల్ కంచం తుడిచి ఇచ్చింది. మార్త సంచీలోంచి కార్డు తీసింది.

"మిషన్ ఇటు పట్రామ్మా. పిన్ను నేనే కొట్టుకోవాలి, నీక్కూడా చెప్పకూడదంట. మా అల్లుడి ఆర్డరు."

ఏంజెల్ బల్ల దగ్గర నిలబడిపోయింది. శేషగిరిరావు బ్యాంకుకి వెళ్ళాడు. సీతారావమ్మ మేడ మీద నడుం వాల్చింది. చూసేవాళ్ళు లేరు కదా అని ఎత్తడానికి చెయ్యి రాలేదు. పీట మీంచి కదపొద్దన్నారు. పీటను కదపొద్దనలేదు. ఆ తేడా తోచేసరికి ఆమెకే నవ్వొచ్చింది. పీటా, పట్టుగుడ్డా, మిషనూ అన్నీ కలిపి రెండు చేతులతో ఎత్తుకుని గుమ్మం దాకా నడిచింది. చిన్న పీటకి అంత బరువేమిటా అనుకుంది.

"అదేంటమ్మా, కేకు తెచ్చినట్టు తెస్తున్నావు!"

పీటను మార్త ఒళ్ళో దించి కార్డు పెట్టింది. మార్త నొక్కింది. చక్రం. ఇంటూ గుర్తు.

ఏంజెల్ తలెత్తి చూసింది. స్టీలంతా వెనక లోపల ఉండిపోయింది. ఎదురుగా రోడ్డు, ఫ్లైఓవరు, దాని మీద ఆకాశం. రోడ్డు మీద ఆటో డ్రైవరు వీడియో కాల్ మాట్లాడుకుంటున్నాడు. బోను బయటికి వచ్చినా గీత రాలేదంటే ఇక స్టీలుది కాదు తప్పు. అయితే నిజంగానే నాదేనా?

"నాకీ అక్షరాలు ఆనట్లేదు. ఏమంటోంది ఇది?" అంటూ మార్త మిషన్‌ను తన చేత్తో తీసి కళ్ళజోడు దగ్గరికి తెచ్చుకుంది. "ఏమీ అనట్లేదే. రెండు గీతలున్నాయి... మూడు."

ఏంజెల్ వంగి చూసింది. మూడు.

"మళ్ళీ కొట్టండి ఆంటీ!"

మార్త కొట్టింది. కాగితం కిర్రుమంది. మార్త దాన్ని చింపి సంచీలో దోపుకుని మిషన్‌ను పీట మీద పెట్టింది. గీతలు ఒక్కొక్కటే కిందికి దిగి, ఇంటూ అయ్యాయి.

ఏంజెల్ మెట్టు మీద గొంతుక్కూర్చుంది. చెయ్యి చాపి, దసరా తర్వాత మొదటిసారి, మిషన్‌ను తన చేతిలోకి తీసుకుంది. తెర మీద నుంచి కళ్ళు తిప్పలేదు. ఇంటూ గుర్తు కాసేపు అలాగే ఉండి, ఎవరో తలుపు తీసినట్టు, ఒక గీత అయింది. తర్వాత రెండు. పీట మీద పెట్టింది. పోయింది. ఎత్తింది. వచ్చింది.

"నా చేతిలో కూడా వస్తోంది" అంది, తనతో తానే.

"ఎందుకు రాదమ్మా? ఇదేం ఆట?"

ఏంజెల్ పట్టుగుడ్డ అంచు వేలితో కొంచెం పైకెత్తింది. కింద నల్లబడిన మందపాటి రాగిరేకు ఉంది, పీటకి సరిపడా. దాని మీద గళ్ళు, గళ్ళలో బీజాక్షరాలు, అక్షరాల గాట్లలో ఎండిపోయిన గంధం. ఆమె అంచును వదిలేసింది.

మార్త ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. పీట మళ్ళీ తన చోటికి వచ్చింది. సాయంత్రం సీతారావమ్మ మేడ దిగింది, శేషగిరిరావు వచ్చాడు, శ్రీజ వచ్చింది. చెప్పడానికి అందరూ ఉన్నారు. తప్పు నా చేతిది కాదు, మీ దేవుడి రేకుది, అని చర్చికెళ్ళే పిల్ల చెప్పాలి. ఏ గొంతుతో చెబుతుంది? శ్రీజ మిషన్‌ను తీసుకుని గలగలా మాట్లాడుతూ జనం మధ్యకి వెళుతుంటే, ఆ గీతలు రావడాన్ని ఏంజెల్ బల్ల ఇవతలి నుంచే ఊహించుకుంది.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక శౌరమ్మ గడప దగ్గర కూర్చుని, అంబారీ ఏనుగుల చెవులకి రంగు వేస్తూ అంతా వింది. కుంచె నోట్లో పెట్టుకుని కొన సన్నం చేసుకుంది.

"చెబితే ఉద్యోగం పోద్దా, చెప్పకపోతే పోద్దా?"

"చెప్పకపోతే మైలవరం. చెబితే ఏమవుద్దో తెలీదు."

"మన మేరీమాత పటం వల్ల టీవీ రావట్లేదని ఎవరన్నా వచ్చి చెబితే నేనేం చేస్తాను?"

"తిడతావు."

"అదే, ఈ పటం ఎక్కడిదమ్మా అని అడిగితే?"

ఏంజెల్ ఆలోచించింది. "మా అమ్మమ్మ దగ్గర్నుంచి మొదలుపెట్టి గంటసేపు చెబుతావు."

"మరింకేం" అంది శౌరమ్మ. ఇంకో ఏనుగు చెవి అందుకుంది.

సోమవారం పొద్దున షట్టర్ తీసేసరికే సీతారావమ్మ కిందికి దిగి ఉంది. కార్తీక సోమవారం, ఉపవాసం. తడి జుట్టు ముడి వేసుకుని, పీట చుట్టూ బొట్లు పెడుతోంది. శేషగిరిరావు, శ్రీజ ఇంకా రాలేదు. ఏంజెల్ బల్ల తుడుస్తూ తుడుస్తూ పీట దాకా వచ్చి ఆగింది.

"మామ్మగారూ, ఈ గుడ్డ కింద ఏముందండీ?"

సీతారావమ్మ తల తిప్పి చూసింది. ఆ ప్రశ్న ఎవరైనా అడగాలని చాలాకాలంగా ఎదురుచూసిన మొహం. "ఇన్నాళ్ళకి నువ్వడిగావు ఏంజిలూ. మా వాళ్ళెవరికీ పట్టదు." గుడ్డ మడత తీసింది. "యంత్రం. మా మామగారు తోపుడుబండి మీద సత్తుగిన్నెలు అమ్మేవారు. మొట్టమొదటి కొట్టు పెట్టినప్పుడు ఒక పెద్దాయన ఉపాసన చేసి ఇచ్చాడు. గల్లాపెట్టె కింద ఉండేది. ఇప్పుడు గల్లాపెట్టెలో ఏముందీ, అంతా ఈ మిషన్లోంచేగా వచ్చేది! అందుకని దసరాకి దీని కింద వేశాను."

"ఇది ఏం చేస్తుందండీ?"

"కాపలా. గాలీ ధూళీ, కన్నూ దిష్టీ. గాల్లోంచి వచ్చేదేదీ దీన్ని దాటలేదు. అలా కట్టు కట్టాడాయన."

"ఏదీ రాదా మామ్మగారూ?"

"ఏదీ రాదే. అంత గట్టిది."

ఏంజెల్ చేతిలో తుడిచే గుడ్డను నాలుగు మడతలు పెట్టింది.

"మిషన్‌కి కూడా అన్నీ గాల్లోంచే రావాలండీ" అంది. అని ఊరుకుంది.

సీతారావమ్మ కుంకుమ వేలు గాల్లోనే ఆగింది. ప్రెషర్ కుక్కర్ ఎందుకు కూస్తుందో, ఎందుకు కూయదో వేలమందికి విడమరిచి చెప్పిన మనిషి ఆమె. పైకి కప్పు వంక చూసింది. మిషన్ వంక చూసింది. రేకు వంక చూసింది.

"ఏదీ, తియ్యి దాన్ని."

"మీరే తియ్యండి మామ్మగారూ."

ముసలావిడ రెండు చేతులతో మిషన్‌ను ఎత్తింది. "గీతలెక్కడ కనిపిస్తాయే?" ఏంజెల్ వేలు పెట్టి చూపించింది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని చూశారు. ఇంటూ పోయి గీత వచ్చింది. సీతారావమ్మ మిషన్‌ను రేకు మీద దించింది. గీత పోయింది. ఎత్తింది. దించింది.

"వచ్చింది... పోయింది... వచ్చింది..." భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని ఏంజెల్ కంగారుపడింది. ఆవిడ నవ్వుతోంది. "ఆపుతోందే! ఇన్నేళ్ళొచ్చినా ఆపుతోంది చూడు!"

నవ్వు తగ్గాక ఆమె ఏంజెల్ మొహంలోకి చూసింది.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"శనివారం నుంచండీ."

"మరి చెప్పలేదేం?"

"అడుగుదామని ఆగానండీ."

సీతారావమ్మ మిషన్‌ను ఒళ్ళోకి తీసుకుంది. మిషన్ వీపుకి అంటిన గంధాన్ని కొంగుతో తుడుస్తూ చాలాసేపు కూర్చుంది. తుడవాల్సిన దానికన్నా ఎక్కువసేపే తుడిచింది.

శేషగిరిరావు తాళాలు ఆడించుకుంటూ వచ్చాడు. వెనక శ్రీజ. "ఏంజెల్, శ్రీజకి అన్నీ చూపించావా మరి?"

"ఒరే గిరీ, ఇలా రా" అంది తల్లి. రాగిరేకును పట్టుగుడ్డలో చుట్టి, కళ్ళకద్దుకుని, కొడుకు చేతుల్లో పెట్టింది. "దీన్ని రేపు మైలవరం పంపించు. గోడౌన్ నిండా సామానుంది, మనిషి కాపలా లేదు. అక్కడుండాలి ఇది."

"యంత్రాన్నా? మరి... ఏంజెల్‌ని కదా పంపిస్తానంది?"

"ఇద్దరెందుకురా ఒక గోడౌన్‌కి?"

శేషగిరిరావు తల్లినీ ఏంజెల్‌నీ మార్చి మార్చి చూశాడు. తాళాలు ఆడించడానికి చేతులు ఖాళీ లేవు. శ్రీజ ఏదో అడగబోతే సీతారావమ్మ "నువ్వు కాలేజీకి పో" అంది.

గుమ్మంలోంచి ఒక జంట లోపలికి వచ్చింది. కొత్త కాపురంలా ఉంది. పాలగిన్నె కోసం చాలాసేపు పోట్లాడుకుని, చివరికి ఇద్దరికీ నచ్చనిదే ఒకటి తీసుకున్నారు. అతను కార్డు ఇచ్చాడు. ఏంజెల్ కార్డు దూర్చి, అంకెలు నొక్కి, అలవాటు కొద్దీ మిషన్‌ను వట్టి పీట మీద పెట్టి అతని వైపు తిప్పబోయింది.

"మళ్ళీ అక్కడెందుకే?" పడక్కుర్చీలోంచి గొంతు వచ్చింది. "బోణీ బేరం. నీ చేత్తోనే పట్టుకో."

ఏంజెల్ పట్టుకుంది. మిషన్ సన్నటి వణుకు అరచేతిలోంచి మణికట్టులోకి పాకింది, పేర్లు చెక్కేటప్పటి వణుకు లాంటిదే. కాగితం గోరువెచ్చగా వేళ్ళ మధ్యకి వచ్చింది. రాగి బిందెల పక్కన సీతారావమ్మ పత్తి విప్పి, వత్తి చేసుకోవడం మొదలుపెట్టింది.